నేను కత్తిరించిన రాజవ్వ

2023, వానలు వెనుకబట్టిన రోజులు. మంచిర్యాలలో స్టేషన్ నుంచి మార్కెట్‌కు పోయే దారిలో నా ఫ్లెక్స్ దుకాణం ఉంది. ఫోటో స్టూడియోగా మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. రీలు కెమెరాలు పోయి డిజిటల్ వచ్చింది, తరువాత ఫోటోలకన్నా ఫ్లెక్సులే ఎక్కువయ్యాయి. పుట్టినరోజుకు ఫ్లెక్స్, పదవి వస్తే ఫ్లెక్స్, మనిషి పోతే శ్రద్ధాంజలి ఫ్లెక్స్. ఈ పని చేసేవాడికి ఊరి మర్యాదలన్నీ తెలిసి ఉండాలి. ఎవరి తల ఎంత పెద్దగా ఉండాలి, ఎవరి పక్కన ఎవరిని పెట్టకూడదు, కింద గుండ్రటి ముఖాల వరుసలో ఎవరు ముందు రావాలి. ఇవన్నీ ఎరిగినవాడినని నాకు గర్వంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం సునంద వచ్చింది. ఆమె తల్లి రాజవ్వ పోయి అప్పటికి మూడు రోజులు. ఎనభై దాటిన మనిషి, పక్షవాతంతో మూడేళ్లు మంచాన ఉంది.

పదకొండో దినం నాడు పెట్టడానికి తల్లి ఫోటో కావాలని అడుగుతూ సునంద తన ఫోన్ చూపించింది. మూతి ఒక పక్కకు లాగి, బుగ్గలు లోపలికి పోయిన ముఖం. పాత ఫోటోలన్నీ గోదావరి నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు ట్రంకుపెట్టెలోనే నాని ముద్దయ్యాయట. ఆధార్ కార్డు మీది బొమ్మ ఎవరిదైనా కావచ్చు అన్నట్టుంది.

"మూడేండ్ల సంది గీ ముఖమే చూసి చూసి అసలు ముఖం యాదికొస్తలేదన్నా. కండ్లు మూసుకున్నా గిదే వస్తది. మంచిగున్నప్పటి అవ్వను ఒక్కపారి చూడాలె. కంటి క్యాంపుల ఫోటోలన్ని నువ్వే గద దించింది. నీ తాన ఉంటయి."

"ఎందుకుండయి చెల్లె" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

రాజవ్వ భర్త బొగ్గు బాయిలో పనిచేసేవాడు. ఆమె ఇంట్లో బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెంచింది. ఆమె తల్లికి కళ్లలో శుక్లాలు, మా వైపు మోతిబిందు అంటారు, ముదిరి చివరి పదేళ్లు చీకట్లోనే గడిచిపోయాయి. వయసు మీద పడిందనుకున్నారే తప్ప ఆపరేషన్ ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆ తరువాత ఊళ్లో పెద్దలు కొందరు కలిసి చలికాలంలో బడిలో కంటి క్యాంపు పెడితే, పక్కింటి ముసలమ్మను తీసుకుని రాజవ్వ అక్కడికి వెళ్లింది. ముసలమ్మ తిరిగి వచ్చింది గానీ రాజవ్వ రాలేదని వాడకట్టులో నవ్వుకునేవారు. ఆ మొదటి క్యాంపు నుంచి కాళ్లు ఆడినంత కాలం ఏ ఏడూ మానలేదు. ఆమెను ఎవరూ నియమించలేదు, ఏ కమిటీలోనూ పేరు లేదు. చిన్నదైన సునందను వెంట తెచ్చుకునేది. ఆ పిల్ల బడి వరండాలో రోగుల మధ్య నిద్రపోయేది. "మా అవ్వ అందరికి అవ్వయింది, నాకు మిగిలేది తక్వ" అని సునంద ఆ రోజుల గురించి కోపంగానే చెప్పేది.

అప్పటి క్యాంపులు ఇప్పటిలా ఉండేవి కావు. ఆపరేషన్ అయినవాళ్లను ఒక రాత్రి అక్కడే ఉంచి, మరునాడు పట్టీ విప్పేవారు. ఆసిఫాబాద్, జైనూర్ అడవి ఊళ్ల నుంచి కూడా ముసలివాళ్లు వచ్చేవారు. తెల్లవారగానే కంటికి పట్టీలున్నవాళ్లందరూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసి వరుసగా నల్లా దగ్గరికి నడిచేవారు. ముందు రాజవ్వ. "రైలు పోతది, డబ్బలు ఇడవకుండ్రి" అని అరిచేది. మంచులో ఆ వరుస మెల్లగా కదులుతుంటే నేలమీద నడుస్తున్నట్టు ఉండేది కాదు, నీళ్ల మీద తేలుతున్నట్టుండేది. నేను చాలాసార్లు కెమెరా ఎత్తి, నొక్కడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను.

పట్టీ విప్పే వేళ ముసలివాళ్లు వణికేవారు. రాజవ్వ ఎదురుగా కూర్చుని గడ్డం పట్టుకునేది. ఒక తాత కన్ను తెరవడానికి భయపడితే, "పెండ్లిసూపులకు పోయిననాడు గిట్లనే కండ్లు మూసుకున్నవా, అందుకే గామె దొరికింది" అంది. పక్కన కూర్చున్న అతని భార్యే ముందు నవ్వింది.

సునంద వెళ్లాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అప్పుడు తెలిసింది.

మా పనిలో క్రాప్ అంటే ఫోటోలో అక్కరలేని అంచులను కోసేయడం. ఫ్లెక్స్ మీద ముఖ్య అతిథి నడుమ ఉండాలి, పేర్లకు జాగా కావాలి, కాబట్టి పక్కన ఉన్నవాళ్లు ముందు పోతారు. కోసిన తరువాత ఒరిజినల్, అంటే కెమెరా తీసిన అసలు ఫోటో, విడిగా దాచుకోవాలి. ఆ రోజుల్లో హార్డ్ డిస్కులో చోటు చాలక నేను కోసిన ఫోటోనే అసలుదాని మీద సేవ్ చేసేవాడిని. అంతకు ముందటి రీలు నెగటివ్‌లు ఏనాడో చెత్తలో పడేశాను. ఏళ్ల తరబడి క్యాంపు ఫోటోలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అతిథులందరూ ఉన్నారు. రాజవ్వ లేదు.

ఉన్నది ఆమె చేయి. ఒక తాత మోచేతిని పట్టుకున్న వేళ్లు. ఒకచోట చీర అంచు. ఒకచోట గిన్నె అందిస్తున్న మణికట్టు, ఆకుపచ్చ గాజులు. బీడీ ఆకు మడిచి మడిచి అరిగిన బొటనవేలి గోరు. బయట చినుకులు పడుతున్నాయి, కరెంటు వస్తూ పోతూ ఉంది. ఒక్కో ఫోటో జరుపుతుంటే ఏళ్లు గడిచిపోతున్నాయి. గాజులు మారాయి, చర్మం ముడతలు పడింది, ఆ చేయి మాత్రం ఎవరినో ఒకరిని పట్టుకునే ఉంది. మనిషి లేకుండా చేయి ఒక్కటే నా ఎదుట ముసలిదైంది. కలలో ఎవరో మన పక్కన నడుస్తుంటారు, ముఖం తిప్పి చూద్దామంటే చూడలేం. ఆ మధ్యాహ్నమంతా నాకు అట్లా గడిచింది.

అప్పుడే సునందకు ఫోన్ చేసి ఉన్న మాట చెప్పాల్సింది. చెప్పలేదు. నా గర్వం అడ్డొచ్చింది. ఫోటోలు దించినవాడిని నేను, లేవని ఏ నోటితో చెప్పాలి?

ఇప్పుడు ముఖాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. సునంద గుర్తుకోసం పంపిపోయిన ఫోన్ ఫోటో, ఆధార్ బొమ్మ దానికి ఇచ్చాను. సునంద నుదురు, కళ్లు తల్లి పోలికే అని గుర్తుకు తెచ్చుకుని, నా దగ్గరున్న ఆమె ఫోటో కూడా ఇచ్చాను. అరగంటలో తెర మీద ఒక అరవై ఏళ్ల స్త్రీ వచ్చింది. నిండైన బుగ్గలు, పెద్ద బొట్టు, తీరుగా ఉన్న పలువరుస, చల్లని నవ్వు. ఎవరైనా చేతులు జోడించే ముఖం.

తొమ్మిదో రోజు సునంద వచ్చి చూసింది. తెరకు ముఖం దగ్గరగా పెట్టి మళ్లీ చూసింది. తరువాత నా వైపు తిరిగింది.

"గిట్లనే ఉండెనా అన్నా?"

"గిట్లనే ఉండె చెల్లె. నేను దించిన ఫోటోనే గద."

"అయితే గిట్లనే ఉండెనేమో" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా గుండె తేలికపడింది. అబద్ధమైనా ఒక బిడ్డకు తల్లిని ఇచ్చాను అనుకున్నాను. ఇంటికి పోయి కడుపు నిండా తిన్నాను కూడా.

పదకొండో రోజు నేనే వెళ్లి ఫ్లెక్స్ కట్టించాను. వాకిట్లో టెంటు, కుర్చీలు. ఫ్లెక్స్ ముందు ఒక కుర్చీ మీద రాజవ్వ చీర మడిచి పెట్టి దీపం వెలిగించారు. బంధువులు వచ్చి దండం పెట్టి, ఫోటో మంచిగ వచ్చిందని నాతో అంటున్నారు. పదింటికి జైనూర్ వైపు నుంచి ఒక ముసలాయన రెండు బస్సులు మారి వచ్చాడు. పేరు భీమ్‌రావు. పదిహేనేళ్ల కిందట క్యాంపులో రెండు కళ్లూ బాగుచేయించుకున్నవాడు. చేతిలో పూలు పట్టుకుని ఫ్లెక్స్ ముందు నిలబడ్డాడు. పూలు పెట్టలేదు. దగ్గరికి పోయి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు.

"గీమె ఎవలు?" అన్నాడు.

సునంద దగ్గరికి వచ్చింది. "మా అవ్వనే తాతా."

"కాదు బిడ్డా. రాజవ్వకు గీ పక్క పన్ను వంకర ఉండె, పక్క పన్ను మీదికి ఎక్కి. పట్టీ ఇప్పంగనే నేను ముందుగాల చూసింది గా పన్నునే. రెండేండ్లు ఏం కనబడలే నాకు. కనబడుడు గా పన్నుతోని షురువైంది. నేనెట్ల మరుస్త?"

సునంద నన్ను చూసింది. ఆ చూపు ముందు నాకు ఇంకో అబద్ధం దొరకలేదు. దొరికినా చెప్పేవాడినేమో, అదీ ఒప్పుకుంటున్నాను. అందరి ముందూ చెప్పేశాను. ఇది కంప్యూటర్ చేసిన ముఖం అని, అసలు ఫోటోలన్నిటిలో మీ అవ్వను ఎప్పుడో నేనే కోసేశానని, నా దగ్గర ఆమె చేతులు తప్ప ఏమీ లేవని.

సునంద కోప్పడితే బాగుండేది. మెల్లగా అంది:

"నాకు మొదలే అనిపిచ్చిందన్నా, గీమె అవ్వ కాదని. కని నువ్వు దించిన ఫోటో అంటివి. కన్నతల్లి ముఖం నేనే మరిచిన్ననుకున్న. రెండు దినాల సంది నన్ను నేను తిట్టుకుంటున్న."

ముప్పై ఏళ్ల పనిలో నన్ను ఇంతగా కోసిన మాట ఇంకొకటి లేదు. తాళ్లు విప్పి ఫ్లెక్స్ దించి, చుట్టి గోడ వెనక పడేశాను. కుర్చీ, చీర, దీపం మిగిలాయి. వెనక ఉత్త గోడ.

భీమ్‌రావు అప్పుడు ఆ చీర మీద పూలు పెట్టి, కింద కూర్చున్నాడు. సునంద ఆయన ముందు కూర్చుని, ఇంకా చెప్పు తాతా అంది. నవ్వితే కుడి కన్ను ఎక్కువ మూసుకుపోయేదని ఆయన చెప్పాడు. మార్కెట్ నుంచి ఖైరున్నీసా వచ్చింది, ఆమె తల్లిని క్యాంపుకు తీసుకుపోయింది రాజవ్వే. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "కోపమొస్తె ముక్కు ఉబ్బుతుండె. నవ్వాపుకున్నా గట్లనే. కోపమో నవ్వో తెల్వక మేం పరేషాన్ అవుతుంటిమి" అంది. కొందరు నవ్వారు. నుదుటి మీద, పాపిట దగ్గర కాలిన మచ్చ ఉండేదని ఒకామె అంటే, మచ్చ కాదు పుట్టుమచ్చ అని ఇంకొకామె వాదించింది. కళ్లకు పట్టీ విప్పిన రోజున అంత దగ్గరగా చూసినవాళ్లో, అప్పుడు పక్కన ఉన్నవాళ్లో వాళ్లంతా. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తెచ్చి పెడుతున్నారు. టెంటు గుడ్డ గాలికి ఉబ్బి దిగుతోంది, లోపలి వెలుతురు పచ్చగా కదులుతోంది.

సునంద కళ్లు మూసుకుని వింటూ ఉంది. ఎంతసేపటికో, కళ్లు తెరవకుండానే అంది.

"వచ్చింది. అవ్వ వచ్చింది."

ఆమె అన్నది ఎవరితోనో నాకు తెలియదు. నాతో మాత్రం కాదు.

భోజనాల వేళ నేను చెప్పులు వేసుకుంటుంటే, "తిని పో అన్నా" అంది. క్షమించానని అనలేదు. ఆ చేతుల ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, కావాలంటే తీసుకొమ్మని తరువాత కబురు పంపాను. ఇంతవరకు రాలేదు. వచ్చి అడిగే హక్కు ఆమెది, గుర్తుచేసే హక్కు నాకు లేదు.

ఈ పని నేర్చుకునేవాళ్లు నన్ను అడుగుతుంటారు, డిజైన్‌లో అన్నిటికన్నా కష్టమేదని. రాజవ్వ గురించే చెబుతాను. ఫోటోలోంచి ఒకరిని తీసేయడం తప్పే, కానీ దాన్ని కప్పిపుచ్చడానికి లేని ముఖాన్ని పెట్టడం ఇంకా పెద్ద తప్పు. పోయిందాన్ని పోయిందని చెబితే, అది ఎవరి దగ్గరైనా ఉందేమోనని జనం వెతుక్కుంటారు. ఉందని చెబితే వెతకడం మానేస్తారు. నేను సునందను వెతకనివ్వలేదు.

ఇప్పుడు ఒరిజినల్‌ను వేరే డిస్కులో దాచాకే క్రాప్ చేస్తాను. ఫోటో తెచ్చినవాళ్లను అంచున ఉన్నవాళ్ల పేర్లు అడుగుతాను. "గాళ్లెందుకన్నా, తీసెయ్" అంటారు. తీసేస్తాను, నా బతుకుదెరువు అదే. కానీ ముందు ఆ పేరు రాసుకుంటాను. తెలియదంటే కనుక్కుని రమ్మని పంపుతాను. పని ఒక పూట ఆలస్యమవుతుంది.