తట్టి వినే మనిషి

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఆ పెద్దాయన ఏ రాయి కనబడినా వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు.

మా నంద్యాల చర్చి ఆవరణలో క్రిస్మస్ చెట్ల ప్రదర్శన పెట్టాం. ఒకరు గాజులతో చేశారు, ఒకరు పత్తికాయలతో. ఆయన నల్లరాతి చెట్టు చెక్కి తెచ్చాడు. ఆటోలోంచి దించేటప్పుడు నా చెయ్యి జారి అది మెట్టుకు తగిలింది. పైకేమీ కనబడలేదు. నేనెవరికీ చెప్పలేదు.

సాయంత్రం పిల్లలు దానికి ఆనుకుని ఫోటోలు దిగుతున్నారు. ఆయన వచ్చి తట్టాడు, విన్నాడు. వెంటనే పిల్లల్ని పక్కకు నెట్టేసి, సంచిలోంచి సుత్తి తీసి తన చెట్టును తానే ముక్కలు చేశాడు.

"యాడికొచ్చి ఏం జేస్తాండావ్ రా?" అంటూ మా కుర్రాళ్లు ఆయన్ని కిందపడేసి తన్నారు.

"లోపల పగిలిందప్పా! పిల్లోళ్ల మీద పడింటే?" అని నెత్తురు కారే నోటితో అరిచాడు. ఎవరూ వినలేదు. తెలిసిన నేను నోరు విప్పలేదు.

వాళ్లు అలిసిపోయాక ఆయన సుత్తి పట్టుకుని లేచి, నేరుగా నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను.

వేలి కణుపుతో నా రొమ్ము మీద తట్టి, చెవి ఆనించి విన్నాడు. సుత్తి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

సుత్తితో కొట్టినా బాగుండేది.