చిన్నమ్మ పోగు

ఇబ్రహీంపట్నంలో చెరువు మీద బతికే వాడ మాది. ఏడాదిలో మొదటిసారి వల లాగిన రోజు పడ్డ చేపను మావాళ్లు అమ్మరు. గట్టు మీద టార్పాలిన్ పరిచి, వాడలో ఎన్ని ఇళ్లుంటే అన్ని పోగులు వేస్తారు. పోగుకు ఒక రవ్వ చేప, రెండు బొచ్చె చేపలు, పైన గుప్పెడు చిన్న చేపలు. తర్వాత ఒకరిని పోగులకు వీపు తిప్పి నిలబెడతారు. వెనక ఇంకొకరు ఒక్కో పోగు మీద చెయ్యి పెట్టి "ఇది ఎవలది?" అని అడిగితే, నిలబడ్డ మనిషి ఏదో ఒక ఇల్లు చెప్పాలి. ఏ పోగో కనపడదు కాబట్టి పక్షపాతం ఉండదు. ఆ ఇంట్లోవాళ్లు నీళ్లలో దిగారా లేదా అని ఎవరూ అడగరు. పొయ్యి వెలిగే ప్రతి ఇంటికీ పోగు ఉంటుంది.

ఈసారి ఇళ్లు చెప్పే పని నాకు పడింది. మన్నెగూడలో కాపురముంటున్న ఆడబిడ్డను, నాకు పోగు లేదు. అందుకే నన్ను నిలబెట్టారు.

నేను తిరగబోతుంటే మా అన్న దగ్గరికొచ్చి చిన్నగా అన్నాడు. "చెల్లె, ఇండ్లు పన్నెండు గని పోగులు పదకొండే ఏసినం. చిన్నమ్మ ఇల్లు చెప్పకు."

"ఎందుకన్నా?"

"చిన్నబాపు పోయి ఆర్నెల్లాయె. కొడుకుల్లేకపాయె. వల పట్టేటోడు లేనింటికి పోగేంది? జర పద్ధతి మార్చాలె గద."

నాకు ఒళ్లు మండిపోయింది. మా బాపు కాలు విరిగి రెండు వానాకాలాలు మంచంలో ఉన్నప్పుడు మా ఇంట్లో వల పట్టింది ఎవరు? అన్నకు అప్పటికి మీసం కూడా రాలేదు. అయినా మా పోగు ఒక్కసారీ తప్పలేదు. దాన్ని మోసుకొచ్చి మా గడపలో దించింది మా బాపు తమ్ముడు, ఆ చిన్నబాపే. ఆ చేపలు తిని పెరిగిన నోటితో ఈ మాట ఎట్లా అన్నాడు? పద్ధతి మార్చాలట! చుట్టూ ఉన్న మగవాళ్లు ఏమీ విననట్టు వల దులుపుకుంటున్నారు. అది చూసి ఇంకా మండింది.

వీపు తిప్పి నిలబడ్డాను.

"ఇది ఎవలది?"

"చిన్నమ్మది." అందరికీ వినపడేలా అన్నాను.

ఒకసారి చెప్పిన ఇల్లు వెనక్కి పోదు, అదీ మా పద్ధతే. తక్కిన పది పోగులకూ పది ఇళ్లు చెప్పేశాను. మా అన్న ఇల్లు చెప్పలేదు.

"మరి మనిల్లు?" అన్నాడు అన్న.

"పోగులు ఒడిసినయన్నా."

"సొంత అన్న కడుపు కొడ్తవా?"

"ఒక్క పూటకే నీకు గింత కోపమొచ్చె. ఆమెకు ఇగ ఎన్నటికీ లేదంటివి గద!"

చిన్నమ్మ పోగు గంపకెత్తుకుని నేనే బయల్దేరాను. మొగుడు పోతే ఏడాదిదాకా గట్టుకు రాకూడదని ఆమె ఇంట్లోనే ఉంది. పోగు లేదన్న సంగతి ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారని, ఏడుస్తూ ఉంటుందని అనుకుంటూ నడిచాను. ఎవరూ చెప్పలేదు. తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి పక్కన కడిగిన గిన్నె, నూరిన మసాలా.

"గింత ఆల్శమాయెనేంది బిడ్డా?" అంది చిన్నమ్మ, గంప అందుకుంటూ. "పొద్దుగాల్నే చింతపండు నానవెట్టిన."