సుక్రు రాసిన మూడు లైన్లు

బొర్రా నుంచి పాడేరు దాకా ఉన్న కొండలన్నీ జల్లెడ పట్టినా ఆ రోజుల్లో ఏసీ గది ఒక్కటే దొరికేది. పుష్యమాసంలో కుక్కలు మనుషుల్ని పక్కకు తోసి పొయ్యి దగ్గర పడుకునే చోట, పనిగట్టుకుని చలి పుట్టించే మిషను తెచ్చి బిగించారు. బోడిగెడ్డ పవర్‌హౌస్‌లోని ఆ గదిలోకి ఒకసారి నాగుపాము దూరిందట. పడగ విప్పి, కాసేపు వణికి, ఇంత చలిలో కాటు వెయ్యడం తన వల్ల కాదని తలుపు సందులోంచి వెళ్ళిపోయిందట. చెప్పింది కిల్లో సుక్రు. చూసిందీ అతనొక్కడే.

పాము సంగతి ఎలా ఉన్నా సుక్రు ఉద్యోగం మాత్రం నిజం. ఆ చలి మనుషుల కోసం కాదు, రెండు బీరువాలంత కంప్యూటర్ కోసం. దాని ఆలనా పాలనా సుక్రుది. పుట్టింది అక్కడికి ఏడు మైళ్ళు దిగువన, ఆ కొండవాగు బోడిగెడ్డ ఒడ్డున ఉన్న పనసగుడలో. ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖపట్నంలో పాలిటెక్నిక్ గట్టెక్కి, హైదరాబాదులో ఆరు నెలలు ట్రైనింగయి, తిరిగి తిరిగి తన గెడ్డ దగ్గరికే చేరాడు. సంతలో ఎవరైనా ఏం పని అంటే "కరెంటుకి పాఠాలు చెప్పే పంతుల్ని" అనేవాడు. వాళ్ళమ్మ కనక మాత్రం "మావోడు మిషనుకి కాపలా" అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

ఆ మిషనుకి ఇరవై పైచిలుకు పనులు. టర్బైన్ వేడి చూడాలి, నీటిమట్టం రాయాలి, లెక్కలు అచ్చువెయ్యాలి, డ్యాం గేట్లు ఎత్తే ముందు పనసగుడ స్తంభం మీద సైరన్ మోగించాలి. పనులెన్నయినా చేసే చెయ్యి ఒక్కటే. ఏది ముందు, ఏది తర్వాత అని వరస పెట్టే ప్రోగ్రాముని షెడ్యూలర్ అంటారు. సుక్రు దాన్ని బారికి అనేవాడు.

పనసగుడలో బారికి అంటే ఊరి కబుర్లు డప్పు కొట్టి చెప్పే మనిషి. గాసి తాతది ఆ పని. ఎండాకాలం ఊట దగ్గర నీళ్ళకు వంతులు పెట్టేదీ ఆయనే. పెద్ద కుటుంబాలకు ముందు వంతు, ఒంటరి ముసలమ్మలకు ఆఖరి వంతు. కానీ ఒక్క నియమం ఉండేది. ఎవరైనా వెనక్కి పోయిన ప్రతిసారీ గాసి తన కర్ర మీద వాళ్ళ పేరున ఒక గాటు పెట్టేవాడు. నాలుగు గాట్లు పడ్డ ముసలమ్మ ముందుకు వస్తే ఊరి నాయుడైనా కుండ పక్కకు జరపాల్సిందే.

హైదరాబాదు ట్రైనింగులో పంతులుగారు షెడ్యూలర్ గురించి మూడు రోజులు బోర్డు నింపితే, సుక్రు లేచి "ఇది మా గాసి తాత కర్ర సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. పవర్‌హౌస్‌కి వచ్చాక చూస్తే ఆ షెడ్యూలర్‌లో అన్నీ ఉన్నాయి, గాట్లు మాత్రం లేవు. సైరన్ ఎప్పుడో గాని మోగేది కాదు కదాని దాన్ని అందరికంటే వెనక నిలబెట్టారు. సుక్రు మూడు లైన్లు రాశాడు. వెనక్కి పోయిన ప్రతి పనికీ ఒక గాటు. గాట్లు పెరిగితే ముందు వంతు. పై ఆఫీసు ఒప్పుకుంది. ఆ మిషనులో లక్ష లైన్లుంటే సుక్రువి మూడు. సంతలో చెప్పేటప్పుడు మాత్రం మిషను మొత్తం ఆ మూడింటి మీదే నిలబడి ఉండేది.

ఆ గర్వంతోనే ప్యాంటు ఇస్త్రీ చేయించుకుని పనసగుడ వెళ్ళి ఊరందరినీ కూర్చోబెట్టాడు.

"కూత వొచ్చిందా, ఒడ్డెక్కండి. కూత రాలేదా, గెడ్డ మజ్జిన మంచమేసుకు పడుకోండి. పూచీ నాది."

ఊరు నమ్మింది. ఇక డప్పెందుకని గాసికి కూలి కింద ఏటా కొలిచి పోసే చోళ్ళ గింజలు మానేశారు. డప్పు అటకెక్కింది, ఎలుకలు దాని సంగతి చూసుకున్నాయి.

రెండేళ్ళు గడిచాక, 1987 జూలైలో హైదరాబాదు నుంచి మార్పుల కాగితాలు వచ్చాయి. షెడ్యూలర్‌లో ఏం కలుపుతున్నారో, ఏం తీసేస్తున్నారో అచ్చువేసి పంపేవారు. కలిపే లైను ముందు ప్లస్, తీసే లైను ముందు మైనస్. సుక్రు చదివి, అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఉంటే పదిహేను రోజుల్లో చేరేలా రాయాలి. అతను కొండచీపురు పుల్ల ఒకటి పట్టుకుని లైను మీద పెట్టి, చదివి, కిందికి జరుపుతూ చూసేవాడు. పదకొండో పేజీలో పుల్ల ఆగిపోయింది. వరసగా మూడు మైనస్‌లు.

కాగితాలు పట్టుకుని ఏఈ పైడయ్య గారి గదికి వెళ్ళాడు. పైడయ్యది బొబ్బిలి. కొండ గాలి పడక, ట్రాన్స్‌ఫర్ కోసం ఎదురుచూస్తూ మఫ్లర్‌లోనే బతుకు వెళ్ళదీస్తున్న మనిషి.

"సార్, నా మూడు లైన్లూ తీసేత్తన్నారు."

"తీసేత్తే ఏటవుద్దయ్యా?"

"నెలాకరి రిపోర్టు నడిసినంత సేపూ సైరన్‌కి వొంతు రాదు."

"ఆ రిపోర్టు లేటవుతందనే గదా తీత్తన్నారు. నెలకి ఒక్క రోజు."

"ఆ ఒక్క రోజూ గేట్లు ఎత్తకుండా ఉంటారేటి సార్?"

పైడయ్య టీ గ్లాసును మఫ్లర్‌తో పట్టుకుని ఒక గుక్క తాగాడు. "పోనీ, ఓ పాలి నడిపి సూడు."

ఆ మార్పుతోనే నడిపి చూశారు. ఖాళీ మిషను. సైరన్ ఠంచనుగా మోగింది.

"మోగింది గదా."

"కాళీ బండిని కుక్క కూడా లాగుద్ది సార్. సరుకేసి తోలమనండి."

"నెలాకరి సరుకు నెల మజ్జిన ఎక్కడ తెత్తానయ్యా? నువ్వు రాయి, నాను పంపిత్తాను. నీ పావు కతలు మాత్రం అందులో పెట్టకు."

సుక్రు మూడు పేజీలు రాశాడు. జీవితంలో మొదటిసారి ఒక్క అబద్ధం లేకుండా రాశాడు. గేట్లు ఎత్తిన అరగంటకు నీళ్ళు పనసగుడ చేరతాయనీ, రిపోర్టు రెండు గంటలు నడుస్తుందనీ, చేత్తో నొక్కే సైరన్ బొత్తాం కంప్యూటర్ వచ్చిన రోజే పీకేశారనీ రాశాడు. కవరు పాసింజరు బండెక్కి వెళ్ళింది. పదిహేను రోజులు గడిచాయి. పదహారో రోజు ఫోనొచ్చింది. అభ్యంతరం ఏదీ అందలేదు కాబట్టి మార్పు ఎక్కించమని.

కవరు ఏమైందో పైడయ్య చూసొచ్చాడు. ట్రాన్స్‌ఫర్ పని మీద పై ఆఫీసుకు వెళితే గుమాస్తా బల్ల మీద కనిపించిందట. రోజూ ఎర్ర చీటీ కట్టిన అర్జంటు ఫైళ్ళు వచ్చి దాని మీద పడుతున్నాయట, అది రోజుకింత కిందికి దిగుతోందట.

"మీరు తీసి ఇవ్వకపోయారా సార్?"

"నా ఫైలు కూడా ఆ దొంతరలోనే ఉందయ్యా," అన్నాడు పైడయ్య.

మార్పు సుక్రు చేతే ఎక్కించారు. తన మూడు లైన్లు తనే తుడిచాడు.

మర్నాడే పనసగుడ నడిచి వెళ్ళాడు. ఈసారి ప్యాంటుకి ఇస్త్రీ లేదు. గాసి తాత అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. చుట్టూ పదిమంది చేరారు.

"నెలాకరి రోజున కూతని నమ్మకండి. కూత రాకపోయినా నీళ్ళు రావొచ్చు."

"కూత రాకపోతే మంచమేసుకు పడుకోమన్నావు గదేటి?" అంది ఒకామె.

"అప్పుడు అన్నాను. ఇప్పుడు మార్చేశారు."

"ఎవులు మార్చేరు?"

"నానే. మార్చమన్నారు, మార్చీసేను."

"ఏరా సుక్రూ, పావుకి చలేసిందన్నావు, ఇనుకున్నాం," అన్నాడు గాసి. "మిషను గాట్లు మర్సిపోయిందంతన్నావు, అదీ ఇనుకుంతాం. మరి రేపేటి సెప్తావురా?"

అందరూ నవ్వారు. వాళ్ళ నవ్వులో కోపం లేదు. సుక్రు కథ చెబితే నవ్వడం ఆ ఊరికి అలవాటు.

"తాతా, నువ్వైనా డప్పు తియ్యి."

గాసి లోపలికి వెళ్ళి అటక మీంచి డప్పు తెచ్చి చేతిలో పెట్టాడు. చట్రం ఉంది. చర్మం ఉండాల్సిన చోట్లోంచి అవతలి కొండ కనిపించింది.

ఆగస్టు ముప్పై ఒకటిన రిపోర్టు మొదలైంది. మధ్యాహ్నం గేట్లు ఎత్తారు. సుక్రు తెర ముందే ఉన్నాడు. ఆకుపచ్చ అక్షరాల్లో పనుల వరస, అన్నిటికంటే కింద సైరన్. లెక్కలు ఒకదాని వెనక ఒకటి వచ్చి దాని ముందు నిలబడుతున్నాయి. రిపోర్టు ఆపే తాళం పై ఆఫీసుదే. ఫోను ఎంత తిప్పినా ట్రంకు లైను కలవలేదు. ఊళ్ళో ఫోను లేనే లేదు. గంటన్నర పాటు సైరన్ అలాగే ఆఖర్న నిలబడి ఉంది, ఎండాకాలపు ముసలమ్మలాగా. ఒక్క గాటు పెట్టే దిక్కు లేదు.

నీళ్ళు పనసగుడ దుంగల వంతెనను పెరికి పట్టుకుపోయాయి. ఆడవాళ్ళు కలుపు తీతకు కొండెక్కి ఉండబట్టి సరిపోయింది. నీళ్ళు తగ్గాక, గంటన్నర ఆలస్యంగా, సైరన్ మోగింది. కొండ మీద వాన పడి గెడ్డ పొంగిందనుకున్నారు ఊరివాళ్ళు. అసలు నీళ్ళు ఇప్పుడొస్తాయని కూత విని ఒడ్డెక్కి, వెళ్ళిపోయిన నీళ్ళ కోసం చీకటి పడేదాకా ఎదురుచూశారు.

పై ఆఫీసుకి వెళ్ళిన కాగితంలో రిపోర్టు సకాలంలో అందిందని ఉంది. సైరన్ మోగిందా అన్న గడిలో, మోగింది అని ఉంది. ఎప్పుడు మోగిందో అడిగే గడి లేదు.

అప్పటి నుంచి ప్రతి నెలాఖరుకూ సుక్రు సెలవు పెట్టి పనసగుడ ఒడ్డున బండ మీద కూర్చునేవాడు. అక్కడొక చిక్కుంది. మిషను దగ్గరుంటే గేట్లు ఎత్తింది తెలుస్తుంది, ఊరికి చెప్పే దారి లేదు. ఊళ్ళో ఉంటే చెప్పే నోరుంది, ఎత్తారో లేదో తెలియదు. సెప్టెంబరు ముప్పైన మబ్బు చూసి భయపడి గొంతు చించుకు అరిచాడు. ఊరంతా కుండలు వదిలేసి ఒడ్డెక్కింది. నీళ్ళు రాలేదు. అక్టోబరులో అరిస్తే ముగ్గురెక్కారు. నీళ్ళు రాలేదు. సుక్రుకి పిచ్చెక్కిందని కొందరు, ఊరిని ఆటపట్టిస్తున్నాడని కొందరు అన్నారు. గాసి తాత మాత్రం "గొంతు బాగుంది, నా పని దీనికి ఇచ్చీండి, చోళ్ళు మాత్రం పొయ్యకండి" అన్నాడు.

నవంబరు ముప్పైన అల్పపీడనం. రెండు రోజులుగా ముసురు. సుక్రు పొద్దుటి నుంచీ అరుస్తూనే ఉన్నాడు. గుడిసెల్లోంచి ఒక్కరూ తొంగి చూడలేదు. మధ్యాహ్నానికి గొంతు పోయింది. అప్పుడు వాళ్ళమ్మ కనక బిందె చంకనెట్టుకుని ఒడ్డు దిగి వచ్చింది.

"దిగకే అమ్మా," అన్నాడు. గాలి తప్ప మాట రాలేదు.

"పొయ్యి మీద ఎసరు పెట్టాలి గదరా."

"నీళ్ళొస్తాయే."

కనక స్తంభం వైపు చూసింది. పైన సైరన్ వానలో తడుస్తూ నోరు మూసుకుని ఉంది.

"కూత రాలేదు గద నాయినా," అంది మెల్లగా, పసివాడికి చెప్పినట్టు. "నువ్వే సెప్పినావు గదా."

బండ దిగి నీళ్ళలోకి నడిచింది. చీలమండల దాకా, తర్వాత పిక్కల దాకా. సుక్రు చెప్పులు విప్పి బండ మీద పెట్టాడు. తనూ దిగి, ఆమెకు ఎగువన నిలబడి, ఒక చేత్తో ఆమె భుజం పట్టుకుని, గెడ్డ వంపు వైపే చూస్తూ ఉన్నాడు. బిందె చాలా నెమ్మదిగా నిండుతోంది.