యోగేష్ సార్ మామిడి స్టార్టప్

యోగేష్ సొంతంగా నడిపిన వ్యాపారం ఏదీ లేదు. కర్నూలు నుంచి వచ్చి హోసూరు ఫ్యాక్టరీలో కొన్నాళ్లు హెచ్ఆర్ ఉద్యోగం చేశాడు. అది పోయాక ఒక ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు మీద చేరాడు. వ్యాపారవేత్తల్లా ఆలోచించడం ఎలాగో పిల్లలకు నేర్పడం ఆయన పని. ఉద్యోగం అడుక్కోవడం బానిసత్వమని పొద్దున క్లాసులో చెప్పేవాడు. మధ్యాహ్నం తనను పర్మనెంట్ చేయమని ఛైర్మన్ గది ముందు నిలబడేవాడు.

"ఒక్క స్టూడెంటుతోనైనా స్టార్టప్ పెట్టించు, చూద్దాం," అన్నాడు ఛైర్మన్.

యోగేష్ కళ్లు తన క్లాసులోని భువన మీద పడ్డాయి. ఆమె తండ్రి ఆంజినప్పకు వేప్పనపల్లి దగ్గర మామిడితోట ఉంది. తోట నుంచి నేరుగా బెంగళూరు అపార్ట్‌మెంట్లకు పండ్లు అమ్మాలన్నది ఆయన ప్లాను. పేరు, బొమ్మ, అట్టపెట్టెలు అన్నీ సారే సిద్ధం చేశాడు.

"తోట పూతలోనే గంగప్ప మామకు గుత్తకు ఇచ్చేసినాము సార్," అంది భువన. "కాయంతా ఆయనదే. ఇంట్లో తినేదానికి కోసుకోవచ్చు. అమ్మకూడదు."

"నెగటివ్ మైండ్‌సెట్ అంటే ఇదే. ఈ ఏడు కాస్త ఎక్కువ తిన్నారనుకో."

ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. భువన ఆయన్ని తోటకు తీసుకుపోయింది. సారు తినడానికి అడుగుతున్నాడనుకుని ఆంజినప్ప తలూపాడు. యోగేష్ కారు డిక్కీ నిండా కోయించుకుపోయాడు.

కాలేజీలో స్టార్టప్ ప్రదర్శన రోజు ఆయన మైకు పట్టుకుని మాట్లాడుతుండగా గంగప్ప వచ్చాడు. తోట కావలివాడు చెప్పినట్టుంది. పెట్టె తెరిచి, కాయ తొడిమ చూసి, తన తోటదేనని పోల్చుకుని కింద పెట్టాడు.

"ఏమప్పా సారూ, ఇన్ని తింటే కడుపు నొయ్యదా?"

పిల్లలు నవ్వారు. యోగేష్ తడుముకోలేదు. "మన పార్ట్‌నర్ గంగప్పగారు! చప్పట్లు!"

"యెవురికప్పా పార్ట్‌నరు? నీ మొగం ఇప్పుడే చూస్తా ఉండాను." గంగప్ప భువన వైపు తిరిగాడు. "మీ నాయన మాట మీద తోట పట్టినాను పాపా. ఇట్ల చేస్తారా?"

"నేను చెప్పినాను మామా. సారే ఇనలేదు."

గంగప్ప పెట్టెలన్నీ తన టెంపోలోకి ఎక్కించుకున్నాడు. యోగేష్ దాన్ని కూడా ఫోటో తీయించి, మొదటి ఆర్డరు బయల్దేరిందని మైకులో ప్రకటించాడు. వెనక వరసల వాళ్లు నిజమనుకుని చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఛైర్మన్ పిలిచాడు. పని పోయిందనుకుంటూనే వెళ్లాడు యోగేష్.

"తోట నీది కాదు, కాయ నీది కాదు. అయినా చప్పట్లు కొట్టించినావే," అన్నాడు ఛైర్మన్. "నువ్వు క్లాసులో ఏం చేస్తావప్పా? అడ్మిషన్లకు పో. పర్మనెంట్ చేస్తాను."

ఇప్పుడు యోగేష్ పల్లెలు తిరిగి పిల్లలను చేర్పిస్తున్నాడు. వేప్పనపల్లి వైపు పోయినప్పుడు ఆంజినప్ప ఇంటి దగ్గర మాత్రం కారు ఆపడు. తక్కిన ఇళ్లలో ఆయనకు కుర్చీ వేసి కాఫీ ఇస్తారు.