చార్టులో ఖాళీ గడి

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, జూన్ నెలలో, నెల్లూరు నుంచి సముద్రపు ఒడ్డునున్న మైపాడు రూటులో కండక్టరుగా ఉన్న నన్ను డిపోలో చార్టు సీటుకి మార్చారు. రేపు ఏ బస్సుకి ఏ డ్రైవరు, ఏ కండక్టరు అని ముందురోజు సాయంత్రానికే రాసి గోడకి అంటించే కాగితాన్ని మేము చార్టు అంటాము. సెలవులు ఇచ్చేదీ, ఎవరైనా రాకపోతే పంపడానికి స్పేరులో ఉంచినవాళ్లను సర్దేదీ ఆ సీటే. ఫ్యాను కింద కుర్చీ, మోకాళ్లకు విశ్రాంతి. డిపో అంతా నా అదృష్టం చూసి కుళ్లుకుంది.

రెండు నెలలకే నా పని అయిపోయింది. బస్సులో టికెట్ తీసుకోనివాణ్ణి దిగమనడం నాకు చిటికెలో పని. తర్వాతి స్టేజీలో మనిషితోబాటే ఆ గొడవా దిగిపోయేది. చార్టు దగ్గర ఎవరైనా "అక్కా, మా చెల్లెలి సీమంతం" అని నిలబడితే మాత్రం కాదనడానికి నోరు వచ్చేది కాదు. కాదన్న రోజు ఆ ముఖం నాతో ఇంటికి వచ్చేది. రోజంతా నిలబడి తిరిగినప్పుడు రాని అలసట కుర్చీలో కూర్చుంటే వచ్చింది. ఫోను మోగితే తింటున్న కంచం పక్కకి నెట్టేసేదాన్ని. నిజం చెప్పాలంటే తలుపేసుకుని ఏడ్చాను కూడా. మా ఆయనకి చెబితే, "కూర్చోబెట్టి జీతమిస్తుంటే ఏడస్తావేంది?" అని నవ్వాడు.

శ్రావణంలో ఒకే ముహూర్తానికి నలుగురు కండక్టర్లు సెలవడిగారు. నలుగురికీ ఇచ్చేశాను! మిగిలిన ఒక్క స్పేరు కండక్టరుని మైపాడు మొదటి ట్రిప్పుకి రాశాను. తెల్లవారి అతను జ్వరమని ఫోను చేశాడు. పేరు కొట్టేస్తే ఆ గడి ఖాళీ. డ్రైవరు మస్తాన్ వచ్చి, "ఏందక్కా ఇది? కండక్టరు లేకుండా బండి తీసేదెట్టా? ఆడ గంపలు పెట్టుకోని ఆడోళ్లు కాసుకోనుంటారు" అన్నాడు. ఆ ట్రిప్పు రద్దయితే వాళ్ల చేపలు ఎండకి పాడవుతాయి, నాకు మెమో వస్తుంది. లైసెన్సు, బ్యాడ్జీ లేనివాళ్లు టికెట్లు కొట్టకూడదు. నా లైసెన్సుకి ఇంకా గడువుంది. ఆ గడిలో నా పేరే రాసి, డిపో మేనేజరు గారికి ఫోనులో చెప్పి, టికెట్ మిషను సంచి తగిలించుకుని ఎక్కేశాను.

మైపాడులో చేపలమ్మే పోలమ్మ నన్ను చూసి అరిచింది. "ఏమ్మే, యాడికి పోయినావు ఇన్నాళ్లు? ఎండుచేప మాదిరి అయిపోయినావే!" బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. గంపలకి లగేజీ టికెట్లు కొట్టి, నీళ్లు కారేవాటిని వెనక్కి నెట్టించి నెల్లూరు చేరేసరికి ఒళ్లంతా చేపల వాసన. అబ్బ, ఎన్నాళ్లకో కరకరా ఆకలేసింది.

ఆ పూటే రూటుకి పంపమని అర్జీ పెట్టాను. నలుగురికీ ఒకే రోజు సెలవిచ్చినందుకు మేనేజరు గారు ముందు చీవాట్లు పెట్టారు. అందరూ బస్సు దిగి సీటెక్కాలని చూస్తారు, నువ్వేందమ్మా సీటు దిగి బస్సెక్కుతానంటావు అన్నారు. మరి చార్టు ఎవరికివ్వాలని అడిగారు. నేను వెంకటరమణ పేరు చెప్పాను. దురుసువాడని ప్రయాణికులు నెలనెలా ఫిర్యాదు చేసే కండక్టరు అతను. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే కాదనేస్తాడు.

అతను చార్టు సీటుకి, నేను రూటుకి మారాక చార్టులో ఖాళీ గడి కనబడలేదు, అతని మీద ఫిర్యాదూ రాలేదు. మనిషిని కుంగదీసేది పని బరువే అనుకునేదాన్ని. మన తీరుకి సరిపడని పని కుర్చీలో కూర్చోబెట్టి కూడా కుంగదీస్తుందని ఆ రెండు నెలల్లో తెలిసింది.

దసరాకి నాకే రెండు రోజులు సెలవు కావలసి వచ్చి వెంకటరమణ దగ్గరికి వెళ్లాను. తలెత్తకుండా, "కుదరదక్కా" అన్నాడు. అక్కడ కూర్చున్నన్నాళ్లూ ఆ మాట నాకు ఒక్కసారీ అంత చక్కగా రాలేదు. సంచి తగిలించుకుని మైపాడు బస్సెక్కాను.