గడియ వేసిన చెయ్యి

మా బావ సోఫాలు బాగుచేస్తాడు. ఊళ్ళో సగంమందిని మెత్తగా కూర్చోబెట్టిన ఆ మనిషి తాను మాత్రం ఒక్కచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. అన్నం నిలబడే తింటాడు. మాట్లాడుతూ తిరుగుతాడు, తిరగడానికి చోటు లేకపోతే ఉన్నచోటే కాళ్ళు మారుస్తాడు. "కాలుకాలిన పిల్లి" అని పెళ్ళైన కొత్తలో మా అక్క పెట్టిన పేరు ఇప్పుడు పక్క షాపుల వాళ్ళకి కూడా నోటికి అలవాటైపోయింది. సాయంత్రం షాపుకి తాళం వేసి వీధి మలుపు దాకా వస్తాడా, వేశానా లేదా అని అనుమానం. వెనక్కి పరుగెత్తి తాళం గుంజి చూసుకుంటే తప్ప ఆయనకు ఇల్లు చేరబుద్ధి కాదు. అదే షాపులో కుట్టుమిషను నాది కాబట్టి, ఆ గుంజుడు అయ్యేదాకా రోడ్డు మీద పడిగాపులు పడేది కూడా నేనే. అందుకని ఆయన గురించి చెప్పే హక్కు మా అక్కకంటే నాకే ఎక్కువుంది. పైగా మరదల్ని.

బావకు పని నేర్పిన ముసలి మేస్త్రి ఒక పద్ధతి పెట్టాడు. సోఫా గడప దాటకముందే దాన్ని బోర్లించి, అడుగున కొట్టిన నల్లగుడ్డను ఒక మూల ఊడదీసి, ఇంటివాళ్ళ కళ్ళెదుటే లోపల చెయ్యి పెట్టి తడమాలి. సోఫా కడుపులో ఏముంటుందో ఎవరికి తెలుసు? దువ్వెనలు, చెవిదుద్దులు, కళ్ళజోళ్ళు, ఒకసారైతే పెట్టుడుపళ్ళు. దొరికింది దొరికినట్టు అక్కడే అప్పగించాలి. లేకపోతే రేపు ఎవరి ఉంగరం పోయినా మన షాపు వైపే వేలు చూపిస్తారు. ఈ పద్ధతి గురించి బావ గొప్పలు అన్నీ ఇన్నీ కావు. "మీ ఎదుటే తనిఖీ" అని బోర్డు మీద కూడా రాయించాడు.

ఆ పద్ధతిని ఆయన ఒక్కరోజు తప్పాడు. రెండిళ్ళ సోఫాలు ఒకే ట్రాలీ ఆటోలో తేవాలి. ఆకాశం నల్లగా ఉరిమి చూస్తోంది, ఆటో డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. అసలే నిప్పుల మీద నిలబడ్డట్టుండే మనిషి, తడిస్తే స్పాంజి పాడవుతుందని గబగబా మోయించి తెచ్చేశాడు. బోర్లించనూ లేదు, తడమనూ లేదు. షాపులో ఒక మూలకు నెట్టి ఇంటికొచ్చేశాం. మర్నాడు పొద్దున్నే అదే తొందరలో రెండింటి అడుగుగుడ్డలూ పరపరా పెరికి ఒకేచోట కుప్ప పోశాడు.

ఆ కుప్ప కదిలింది.

బావ ఎలుక అనుకుని సుత్తి తీశాడు. నేను మిషను ఆపాను. నల్లగుడ్డ మడతలోంచి బూడిదరంగు పిల్లిపిల్ల ఒకటి తల బయట పెట్టి తుమ్మింది. ముక్కు నిండా స్పాంజి పొడి. అరచేతిలో పట్టేంత ప్రాణి, రాత్రంతా తిండీ నీళ్ళూ లేక అరవడానికి కూడా ఓపిక లేకుండా నోరు మాత్రం తెరుస్తోంది. పక్క కొట్టు నుంచి పాలు తెచ్చి వేలితో నాకించాను.

"ఎవరింటిదే ఇది?" అన్నాడు బావ.

"నన్నడుగుతావేంటి? రెండు గుడ్డలూ కలిపి పారేసింది నువ్వు. ఒక్కొక్కటే విప్పి ఉంటే తెలిసేది కదా."

నిన్న తడిమి ఉంటే ఇక్కడి దాకా వచ్చేదే కాదని నేను అనలేదు. ఆయన ముఖం చూస్తే అనాల్సిన పని కనిపించలేదు.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఈ పిల్లను తిప్పే పని మా బావకు పడింది. గుడ్డసంచిలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేను స్కూటరు వెనక కూర్చున్నాను. మొదటిది పళ్ళ డాక్టరుగారి ఇల్లు. ఆయన సంచిలోకి తొంగి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "మా ఇంట్లో పిల్లా? మా ఆవిడకి పిల్లి పేరెత్తితేనే తుమ్ములొస్తాయి. తీసుకెళ్ళండి, తీసుకెళ్ళండి" అంటూ తలుపేసుకున్నాడు. ఇంక మిగిలింది రెండో ఇల్లే.

దారిలో బావ స్కూటరు ఆపాడు. "ఇదిగో, సోఫాలో దొరికిందని చెప్పకు. వీధి చివర దొరికిందందాం."

"ఎందుకు?"

"చెయ్యి పెట్టి చూడకుండానే పట్టుకుపోయారా అంటారు. బోర్డు మీద రాసుకున్న మాట ఏమైపోవాలి? పిల్లి ఇల్లు చేరడం ముఖ్యం. ఏ దారిన చేరితే ఏంటి?"

పిల్లి సంచి చింపుకుని నా చేతులు గీరిపెడుతోంది. సరే పద అన్నాను.

ఆ ఇంట్లో ఉండేది తల్లీ కొడుకూ. తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన పెద్దావిడ. కొడుకు ఆఫీసుకి తయారై తలుపు తీశాడు. ఆవిడ సోఫా ఉండే చోట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సంచిలోంచి చెవులు కనపడగానే "హలో!" అని గట్టిగా అరిచింది. మమ్మల్ని పలకరించిందనుకుని బావ కూడా "హలో అమ్మా" అన్నాడు. తర్వాత తెలిసింది, పిల్లి పేరే హలో అట. ఉద్యోగం పోయినా ఆ మాట నోట్లోంచి పోలేదని ఆవిడే చెప్పింది.

దాన్ని బుగ్గకు ఆనించుకుని ఆవిడ ఏడుస్తుంటే నాకూ కళ్ళు చెమర్చాయి. "మెడలో రిబ్బనేదీ?" అంది.

"ఎర్రది. నిన్న పొద్దున్నే కొత్తది నేనే కట్టా" అన్నాడు కొడుకు. "ఎక్కడ దొరికిందండీ?"

"వీధి చివర సార్, పాలబూత్ దగ్గర. మీదేమోనని తెచ్చాం."

ఆవిడ ఏడుపు ఆగిపోయింది. కొడుకు నిట్టూర్చాడు. "చూశావా అమ్మా? గడియ వేశాను, వేశాను అని నిన్నటి నుంచీ ఒకటే మాట. తలుపు తీసి లేకపోతే అంతదూరం ఎలా పోతుంది?"

"వేశాన్రా. సోఫా బయటికెళ్ళగానే వేశాను. గుంజి కూడా చూశాను." తన కుడిచెయ్యి ఎత్తి, అదెవరిదో అన్నట్టు చూసుకుంది. "వేశాననుకున్నానేమో."

కొడుకు చెడ్డవాడు కాదు. మమ్మల్ని గుమ్మం దాకా పంపుతూ గొంతు తగ్గించి చెప్పాడు. "పోయిన నెలలో పాలగిన్నె పొయ్యి మీద మాడిపోయింది. ఇప్పుడిది. రేపు గ్యాసే వదిలేస్తే? ఇవాళ్టి నుంచి బయట తాళం వేసుకుని వెళ్ళక తప్పేలా లేదు." ఎంత తగ్గించినా ఆవిడకు వినిపించింది. లేచి వచ్చి, కొంగుముడి విప్పి ఇంటి తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"నువ్వే ఉంచుకో నాన్నా" అంది. తర్వాత నా వైపు చూసి, "ఒకప్పుడు ఈ ఊరి నంబర్లన్నీ నా నోట్లో ఉండేవమ్మాయ్" అంది.

బావ కాళ్ళు మారుస్తూ నిలబడ్డాడు. నోరు తెరుస్తాడని చూశాను. దొంగకు తేలు కుట్టినట్టు మెట్లు దిగి స్కూటరు తీశాడు.

షాపుకొచ్చి ఆవిడ సోఫానే ముందేసుకున్నాడు. స్ప్రింగుల మధ్య చెయ్యి పెట్టాడు, పెట్టినవాడు అలాగే ఆగిపోయాడు. నేను వెళ్ళి వంగి చూశాను. లోపలి స్ప్రింగు కొక్కేనికి ఎర్ర రిబ్బను చుట్టుకుని ఉంది. దానికి బూడిదరంగు బొచ్చు. బావ దాన్ని తీయలేదు. సుత్తితో మేకు బదులు వేలి మీద కొట్టుకున్నాడు, తర్వాత కొత్త రెక్సిను కొలతకు తక్కువ కత్తిరించాడు. ఇన్నేళ్ళలో గుడ్డ పాడుచేయడం చూడలేదు.

మధ్యాహ్నం అక్క అన్నం తెచ్చింది. బావ కూర్చుని తిన్నాడు. అక్క హడలిపోయి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జ్వరం లేదే! ఏమైంది ఈయనకి?"

నేను జరిగింది మొత్తం చెప్పేశాను. చెప్పొద్దని కళ్ళతో సైగ చేశాడు గానీ నేను చూడనట్టే ఊరుకున్నాను. అక్క గిన్నెలు సర్దుకుంటూ ఒక్కటే అడిగింది.

"రోజూ తాళం గుంజి చూసుకుంటావు కదా. రేపెవరో వచ్చి, గుంజి చూశాక కూడా నీ షాపు తెరిచే ఉందయ్యా అంటే ఏమైపోతావు?"

బావ ముద్ద వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. స్కూటరు తీసుకుని వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక చెప్పాడు: ఆ ఇంటికి బయట తాళం వేసి ఉందట. ఆవిడ కిటికీ ఊచల దగ్గర పిల్లినెత్తుకుని నిలబడి, "సోఫా అయిందా బాబూ? లోపలికి రమ్మందామంటే తాళం నా దగ్గర లేదు" అందట. నవ్వుతూనే అందట. కొడుకున్నప్పుడే చెప్పాలి, చెప్పినా నమ్ముతాడో లేదో అని షాపు ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. నా మిషను తొక్కుడు కూడా ఆయన నడకతో పాటు వేగం ఎక్కింది. మిగతా పనులన్నీ అటకెక్కాయి. ఆ ఒక్క సోఫా మాత్రం ఆదివారానికి తయారైంది.

కొత్త అడుగుగుడ్డ కొట్టేటప్పుడు ఒక మూల మేకులు వేయకుండా వదిలేశాడు.

ఆదివారం కొడుకే తలుపు తీశాడు. హాల్లో సోఫా దించాక బావ దాన్ని బోర్లించాడు. "సార్, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. పిల్లి వీధిలో దొరకలేదు. ఈ సోఫాలోనే మా షాపుకొచ్చింది. తీసుకెళ్ళేముందు చెయ్యి పెట్టి చూడాల్సింది నేను, చూడలేదు. అమ్మగారు గడియ వేశారు."

కొడుకు ముఖం గట్టిపడింది. "అమ్మ మీద జాలితో అంటున్నట్టున్నారు. ఆ రోజు పాలబూత్ అన్నారు, ఇవాళ సోఫా అంటున్నారు. ఏది నమ్మమంటారు?"

నాకు ఒళ్ళు మండింది. కానీ అందులో తప్పేముంది? ఒక అబద్ధం చెప్పినవాడి నిజానికి ఎవరు విలువిస్తారు?

"నా మాట నమ్మొద్దు సార్" అన్నాడు బావ. "మీ చెయ్యి పెట్టి చూడండి."

పెద్దావిడ గోడకు ఆనుకుని చూస్తోంది, హలో ఆవిడ భుజం మీద ఉంది. చివరికి కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని, విప్పి ఉన్న మూలలోంచి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. తడిమాడు. లోపల ఏదో తగిలినట్టుంది, లాగాడు. ఎర్ర రిబ్బను, కొసన తను వేసిన ముడి ఇంకా అలాగే ఉంది.

అతను దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. తల్లి వైపు చూడలేకపోయాడు.

"గుంజి కూడా చూశాను" అంది ఆవిడ. ఈసారి ఎవరినీ అడగడం లేదు, చెబుతోంది.

కొడుకు జేబులోంచి తాళంచెవి తీసి తల్లి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వెంటనే వదలలేదు. "పాలగిన్నె మాడ్చింది మాత్రం నేనేరా" అంది ఆవిడ, కొంగుకు ముడేసుకుంటూ. "అది ఒప్పుకుంటాను." బావను చూసి వేలు ఊపింది. "ఇంకోసారి చూడకుండా మోసుకెళ్ళకు బాబూ. అందులో నేను నిద్రపోతూ ఉన్నా ఉంటాను."

బావ మిగిలిన మూలకు మేకులు కొట్టి సోఫాను నిలబెట్టాడు. కూర్చోమంటే కూర్చోలేదు, ఎప్పటిలాగే. మేము గుమ్మం దాటగానే కొడుకు తలుపు వైపు రాబోయాడు. "నువ్వాగు" అని ఆవిడే వచ్చింది.

వెనక గడియ పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒకసారి గట్టిగా గుంజిన చప్పుడు. బావ మెట్టు మీదే ఆగి, కాలు కదపకుండా విన్నాడు.

"వేసిందే" అన్నాడు నాతో.