అరవై రోజులు అడిగినందుకు

మా సందు మొదట్లో నారింజరంగు ప్లాస్టిక్ అడ్డుగోడలు పెట్టిన రోజున నేను పట్టించుకోలేదు. దోహాలో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నదాన్ని, తవ్వని రోడ్డు చూస్తేనే నాకు వింత. ఒకసారి మురుగు పైపులన్నారు, ఒకసారి మెట్రో అన్నారు. ప్రపంచ కప్పు పోటీలకు ముందయితే పొద్దున వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. తవ్వుతారు, పూడుస్తారు, పైన ఇటుకలు పరుస్తారు, ఇంటి గోడకు కొత్త నంబరు పలక కొడతారు. పాల ప్యాకెట్టుకు మనం మరో చుట్టుదారి వెతుక్కుంటాం.

ఈసారి తవ్వి పోయే పని కాదు. సందునే తీసేసి వెడల్పాటి రోడ్డు వేస్తారన్నారు. ముందు దర్జీ తన మిషన్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. తర్వాత మంగలి షాపు అద్దానికి ఒక కాగితం అంటించారు. వారం తిరక్కుండా అలాంటిదే మా గేటుకూ అంటించారు. ముప్పై రోజుల్లో ఖాళీ చేయాలి. ఆఖరి రోజున కరెంటు, నీళ్ళు ఆపేస్తారు.

మాది పాత విల్లా. పేరుకే విల్లా, లోపల ప్లైవుడ్ గోడలు పెట్టి మూడు ముక్కలు చేశారు. ముందు ముక్కలో నేను, మా ఆయన. పక్క ముక్కలో అమలాపురం వైపు నుంచి వచ్చిన నర్సమ్మాయి, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసే ఆమె భర్త. మేడమీది గదిలో ఒంటెల ఫారంలో స్టోర్‌కీపర్‌గా పనిచేసే కడప మనిషి ఒంటరిగా ఉండేవాడు.

మా ఇద్దరికీ ఎక్కడో ఒకచోట ఒంటిగది ఫ్లాటు దొరికింది. చిక్కల్లా ఆ అమ్మాయికి వచ్చింది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. ఖాళీ చేయాల్సిన తేదీ దాటిన ఎనిమిదో రోజున కాన్పు కావచ్చని డాక్టరు చెప్పింది. ఆసుపత్రి దగ్గర వాళ్ళు మాట్లాడుకున్న ఫ్లాటులో పాతవాళ్ళు కదలడానికి ఆ తేదీ తర్వాత పదిహేను రోజులు పడుతుంది. మా ఒంటిగదిలో పెట్టుకుందామంటే, ఇప్పుడు ఒక ఇంట్లో రెండు కుటుంబాలు కూడదని అద్దె కాగితంలోనే రాసి ఇస్తున్నారు. అంటే పదిహేను రోజులు, అందులోనే కాన్పు, ఆమె తలమీద కప్పు లేదు.

"మీరెళ్ళి మాట్లాడండక్కా," అంది నాతో. "మా ఆయన్ని పంపితే వాళ్ళేం చెప్పినా 'ఓకే సార్' అనేసి వచ్చేత్తారండి. మీరైతే ఆ గ్రోసరీ అతన్ని పట్టుకుని కొత్తిమీర కట్ట ఊరికే తెచ్చేత్తారు కదా!"

ఆ మాటకు నేను పొంగిపోయాను. పొంగడానికి కారణం ఉంది. తెనాలి బజారులో మా నాన్నగారిది స్టీలు సామాన్ల కొట్టు. ఇటు బాబాయిది ఫ్యాన్సీ షాపు, అటు మేనమామది బట్టల కొట్టు. బడికి పోయే ముందే నేను రెండు సంగతులు నేర్చుకున్నాను. కావలసినదానికి నాలుగింతలు అడగాలి, అప్పుడు సగం దగ్గర తెగుతుంది. అవసరం మాత్రం ఎప్పుడూ బయటపెట్టకూడదు. ఉన్నమాట మొదటే చెప్పేసేవాణ్ణి మా బజారులో మంచివాడు అనరు, ఊరికి కొత్తవాడు అంటారు.

విల్లా వ్యవహారాలు చూసే కంపెనీ నుంచి ఒక దరఖాస్తు కాగితం తెచ్చాను. 'ఎన్ని రోజుల గడువు కావాలి' అన్నచోట అరవై అని రాశాను. 'కారణం' అన్నచోట 'తప్పనిసరి కుటుంబ పరిస్థితులు' అని రాశాను.

మా ఆయన భుజం మీదుగా చూసి, "పదిహేను చాలన్నారుగా?" అన్నాడు.

"పదిహేను రాస్తే ఏడు రోజులిస్తారు. అరవై రాస్తే ముప్పైకి దిగుతారు. ఉద్యోగస్తుల ఇంట్లో పుట్టారు, మీకివి తెలీవు."

"నాకు బేరం తెలిసుంటే పెళ్ళిచూపుల రోజే బయటపడేది," అని పేపర్లో తల దూర్చాడు.

మూడు ముక్కలవాళ్ళం మూడు సంతకాలు పెట్టాం. నర్సమ్మాయికి కాగితం మడిచి పట్టుకుని సంతకం చోటు మాత్రమే చూపించాను. ఆ కాగితం తీసుకుని వెస్ట్ బేలో వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. కౌంటర్లో ఒక ఫిలిపినో అమ్మాయి దాన్ని తీసుకుని, అరవైని చూసి, కనుబొమ్మ కూడా ఎత్తకుండా "ఓకే మేడమ్" అని ముద్ర కొట్టింది. లిఫ్టులో దిగుతుంటే నాకు ఒక్కసారి చలేసింది. చెప్పిన ధరకు ఎదుటివాడు మారుమాట లేకుండా తలూపాడంటే ఎక్కడో దెబ్బతిన్నామని మా నాన్నగారు అనేవారు. నేను దాన్ని ఏసీ చలి అనుకుని సర్దిచెప్పుకున్నాను.

పది రోజులు గడిచినా జవాబు లేదు. ఈలోగా కడప మనిషికి ఫారంవాళ్ళే గది ఇవ్వడంతో అతను ఎడారి అంచునున్న అల్ షహానియా వెళ్ళిపోయాడు. గడువు ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా, ఒక గురువారం పొద్దున నేను మళ్ళీ వెస్ట్ బే వెళ్ళాను. ఈసారి కౌంటర్లో ఒక నిజామాబాద్ అబ్బాయి ఉన్నాడు. నా తెలుగు విని నవ్వాడు. ఫైలు తీసి చూశాక నవ్వు ఆపేశాడు.

"అరవై ఎందుకు రాసిన్రక్కా?"

"ఏం? ఇవ్వరా?"

"ఇరవై ఒక్క రోజుల దాంక అయితే మా మేనేజరే సంతకం పెడ్తడు. అదే రోజు కాగితం మీ చేతుల పెడ్తం. అంతకు మించితే కమిటీకి పోతది. కమిటీ నెల ఆఖర్ల కూసుంటది."

నెలాఖరుకు మా కరెంటు పోయి వారమవుతుంది.

"అయితే పదిహేనని ఇంకో కాగితం రాసిస్తాను."

"ఒక ఇంటికి ఒక్కటే నడుస్తది. ముందు పాతది వాపస్ తీస్కోవాలె. దాని మీద సంతకం పెట్టినోళ్ళందరు ఈ వాపస్ కాగితం మీద గూడ పెట్టాలె."

"నేను అరవై రాసింది ఊరికే, తమ్ముడూ. మీరు తగ్గిస్తారు కదా అని."

అతను నా వైపు జాలిగా చూశాడు. "తగ్గియ్యనీకి ఇదేమన్న అంగడా అక్కా? ఈడ రాసిందే రాసినట్టు. ఇయ్యాల రెండింటికి బంద్ చేస్తం. రేపు, ఎల్లుండి ఆఫీసుకు సెలవు. ఆదివారం సంది మేనేజర్ ఛుట్టీల పోతుండు."

"రెండున్నర దాకా ఉండరా?"

"మల్ల బేరమా?" అన్నాడు.

అప్పుడు పదిన్నర. సంతకం పెట్టాల్సిన మనుషుల్లో ఒకరు మా ఇంట్లో, ఒకరు ఎడారి అంచున. కారు నడుపుతూ ఫోన్ చేశాను. కడప మనిషి ఎత్తలేదు.

నర్సమ్మాయి సోఫా మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. తలుపు పక్కన ఆసుపత్రికి సర్దుకున్న సంచి. వాపస్ కాగితం ఆమె చేతిలో పెట్టాను. దానికి జతచేసిన పాత దరఖాస్తు ఈసారి దాచే వీలు లేదు. తను నిదానంగా చదివింది.

"అరవై ఏంటండీ? మనకి కావాల్సింది పదిహేనే కదా?"

చెప్పాను. తెనాలి బజారు సంగతి, నాలుగింతల సంగతి, కమిటీ సంగతి అన్నీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొట్టులో నాసిరకం గిన్నె అంటగట్టేవాడి గొంతులా వినిపించింది. తను నన్ను తిట్టి ఉంటే ఊరట కలిగేది. కడుపు మీద చెయ్యి వేసుకుని గోడకున్న స్విచ్చు వైపు చూసింది.

"కరెంటు లేని కొంపలో పసిగుడ్డుని ఎక్కడ పెట్టుకోనక్కా?" అంది. తర్వాత, "పెన్నివ్వండి."

అల్ షహానియా దారి ఖాళీగానే ఉంటుంది. ఆ రోజు మాత్రం సగం దారిలో ఒంటెల వరుస ఒకటి రోడ్డు దాటింది. వీపుల మీద రంగుగుడ్డలు కప్పుకుని, పెళ్ళివారిలా తీరిగ్గా నడిచాయి. నేను స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకుంటూ గడియారం చూశాను. పన్నెండు కావస్తోంది.

ఫారంలో దాణా గోదాము ముందు కడప మనిషి బస్తాలు దింపిస్తున్నాడు. ఫోన్ లోపల ఛార్జింగులో ఉందట. కాగితం చూపించి సంతకం అడిగాను. మా బజారు బుద్ధి అప్పుడు కూడా పోలేదు. ఎందుకో చెప్పలేదు.

అతను చేతులు తుడుచుకున్నాడు. "సంతకమా? ఏమక్కా, నా సోఫా ఎట్ల కొంటివో గుర్తుండాదా? గంటసేపు నిలబెట్టి, అందులో నల్లులుండాయని చెప్పి..."

"లేవు కదా?"

"లేవు! నీ బేరం కోసరం నువ్వు పుట్టించినావు వాటిని. ఇంటికి వచ్చినోళ్ళు మూడు నెలలు నా గదిలో మంచం మీద కూర్చోలేదు."

బస్తాలు దింపేవాళ్ళు నవ్వారు. వాళ్ళకు తెలుగు రాదు, అయినా నా మొహం చూసి అర్థమై ఉంటుంది.

"ఆ సోఫా నాకు తిరిగియ్యి," అన్నాడు.

"సరే."

అతను ఆగాడు. "నీ రుబ్బుడు గ్రైండరు గూడా."

ఆ గ్రైండరు నేను చెన్నైలో సాయంత్రమంతా బేరమాడి, విమానంలో ఒళ్ళో పెట్టుకున్నంత పని చేసి తెచ్చుకున్నది.

"సరే."

"ఏంది? బేరమాడవా?"

"టైము లేదు, తమ్ముడూ."

అప్పుడు అతను నా మొహంలోకి సరిగ్గా చూశాడు. "ఎవరికోసరం ఇది?"

చెప్పాను. కాన్పు తేదీ, కరెంటు, అరవై, అన్నీ చెప్పేశాను. అతను కాగితాన్ని బస్తా మీద పరిచి సంతకం పెట్టేశాడు.

"ఆ నర్సు పాప కోసరమని మొదటే చెప్పకూడదా? దీనికి గూడా బేరమేనా నీకు?" అని కారు దాకా వచ్చి తలుపు వేశాడు. "గ్రైండరు వద్దులే. సోఫా మాత్రం కావల్ల."

వెస్ట్ బే దగ్గర లారీల వెనక ఇరుక్కుని, కారును పార్కింగు కాని చోట వదిలేసి పరుగెత్తాను. నిజామాబాద్ అబ్బాయి గడియారం చూపించాడు. రెండింటికి ఇంకా ఎనిమిది నిమిషాలు. వాపస్ కాగితం తీసుకుని కొత్తది ఇచ్చాడు. దీని మీద నా ఒక్క సంతకం చాలట. 'కారణం' అన్నచోట ఈసారి ఉన్నది ఉన్నట్టు రాశాను. 'రోజులు' అన్నచోట పదిహేను వేశాను.

అతను ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఇరవై ఒకటి రాసుకోరాదుండ్రి? ఎట్లనన్న ఇస్తడు."

నా చెయ్యి ఆగింది. ఆరు రోజులు ఊరికే వస్తున్నాయి. ఊరికే వచ్చేదాన్ని నేను జీవితంలో ఏనాడూ వదిలిపెట్టలేదు. అయినా పదిహేనే ఉంచాను. ధర్మబుద్ధితో అయితే కాదు. ఏ గీత తొక్కితే ఏ కమిటీ లేస్తుందోనని వణుకు.

అతను కాగితం పట్టుకుని లోపలికి పోయాడు. కౌంటర్లో దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు. రెండు దాటి పది నిమిషాలకు బయటికి వచ్చాడు. ముద్ర ఇంకా తడిగా ఉంది.

నర్సమ్మాయికి ఆ పొడిగించిన గడువులో పదకొండో రోజున ఆడపిల్ల పుట్టింది. పదమూడో రోజున మా సందులోకే, వెలుగుతున్న దీపాల కిందికే తెచ్చుకుంది. అప్పటికి సందులో మిగిలింది మా ఇల్లొక్కటే. పదిహేనో రోజున ఒక చేత్తో పసిపిల్లను, ఒక చేత్తో ప్రెషర్ కుక్కరును పట్టుకుని ఆమె వ్యాను ఎక్కింది. మర్నాడు గోడలు కూల్చారు.

ఇప్పుడు అక్కడ నాలుగు వరుసల రోడ్డు ఉంది, మధ్యలో ఖర్జూరపు చెట్లు నాటారు. మా వంటిల్లు ఏ చెట్టు దగ్గర ఉండేదో నేను, మా ఆయన దాటిన ప్రతిసారీ పోట్లాడుకుంటాం. ఆ పిల్లకిప్పుడు మూడేళ్ళు. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ ఇరవై ఒక్క రోజుల సంగతి మాటల్లో నోరుజారి చెప్పేశాను. నర్సమ్మాయి టీ కప్పు కింద పెట్టేసింది.

"అంటే ఆరు రోజులు ఊరికే ఇత్తానంటే వద్దన్నారా? ఆయ్, బాలింతని, నింపాదిగా సర్దుకునేదాన్ని కదండీ! మీకసలు బేరం ఎవరు నేర్పారక్కా?"

నేను బిస్కెట్టు తీసుకుని టీలో ముంచాను.